ఆట కూడ ఒక వృత్తియే

క్రీడాదినోత్సవం నాడు మెడలో పతకం పడగానే ఆట ముగిసినదని మన విద్యార్థులలో పెక్కుమంది తలంపు. ఆటల పద్దు క్రింద ఏటా కొంత సొమ్ము చూపితే బాధ్యత తీరినదని పెద్దల తలంపు. ఈ రెండూ సరికావని చెప్పడానికి సానియా మీర్జా క్రీడాజీవితం కంటె మంచి నిదర్శనం నాకు కనబడలేదు.

ఆమె 1986లో బొంబాయిలో పుట్టి, హైదరాబాదులో పెరిగి, ఆరేండ్ల ప్రాయంలో రాకెట్ పట్టింది. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదులోనే మహిళల అంతర్జాతీయ టూర్ సింగిల్స్ టైటిల్ సాధించింది. భారతీయ మహిళలలో ఆ ఘనత ఆమెదే మొదటిది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానానికి చేరుకొన్నది. 2005లో ఆమె ఆటను మించి దుస్తులను గురించి దేశమంతటా చర్చ జరిగింది. దానిపై నేనిక్కడ కాగితం ఖర్చు చేయను.

వృత్తి అన్న మాటకు అర్థం గుర్తింపులో లేదు. పంజాబు పల్లెలో పుట్టిన సత్నాం సింగ్‌ను 2015 జూన్‌లో అమెరికాలోని డల్లాస్ బాస్కెట్‌బాల్ జట్టు 52వ ఎంపికగా తీసుకొన్నది. భారతదేశంలో పుట్టి ఎన్.బి.ఎ.కు ఎంపికైన మొదటివాడు అతడే. అయినా ఆ లీగ్ పోటీలలో ఒక్క ఆటయైనా ఆడే అవకాశం అతనికి రాలేదు. తరువాత కుస్తీ ప్రదర్శనల రంగంలోకి వెళ్లాడు. బాస్కెట్‌బాల్‌లో ఒప్పందం కుదిరితే జీతమూ ప్రయాణపు ఖర్చూ జట్టు భరిస్తుంది. టెన్నిస్‌లో ఆ నీడ కూడ లేదు. గెలిచి కూడబెట్టిన పాయింట్లు ఏడాది తిరిగేసరికి లెక్కలోనుండి జారిపోతాయి. మళ్లీ గెలవాలి.

ఆమెకు దెబ్బ తగిలినది మణికట్టుకు. 2008లో శస్త్రచికిత్స జరిగింది. కొయ్య గరిటెలు చెక్కే మన ఉదయగిరి పనివారికి మణికట్టు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. నొప్పితోనే కొన్నేండ్లు ఆడి, 2013లో ఆమె సింగిల్స్ మానుకొని డబుల్స్‌కే పరిమితమైంది. దీనిని వెనుకడుగు అనేవారు అనవచ్చు. నా దృష్టిలో ఆమె జీవితంలోకెల్ల తెలివైన నిర్ణయం ఇదే. తన శరీరం ఏ పనికి నిలుస్తుందో తెలిసికొని, ఆ పనిలో అందరికంటె మిన్న కావడం ఎందరికి చేతనవుతుంది? 2015 ఏప్రిల్‌లో ఆమె డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ స్థానం పొందింది.

ఆ జులైలో వింబుల్డన్ ఫైనల్. మార్టినా హింగిస్ ఆమె జోడీ. ఎదుట రష్యా క్రీడాకారిణులు మకరోవా, వెస్నినా. మొదటి సెట్ 5–7తో పోయింది. రెండవది టైబ్రేక్‌లో దక్కింది. మూడవ సెట్‌లో 2–5తో వెనుకబడి ఉన్నారు. ఇంకొక్క గేమ్ పోతే అంతా పోయినట్లే. అక్కడినుండి వరుసగా అయిదు గేములు గెలిచి 7–5తో కప్పు అందుకొన్నారు. ఆ ఆగస్టు మొదలు 2016 ఫిబ్రవరి దాకా ఈ జోడీ వరుసగా 41 ఆటలు గెలిచింది. మొత్తం మీద ఆమెకు దక్కిన గ్రాండ్‌స్లామ్‌లు ఆరు: మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడు. 2018లో తల్లియై, 2020 జనవరిలో తిరిగి వచ్చిన మొదటి పోటీలోనే హోబర్ట్‌లో టైటిల్ గెలిచింది. 2023లో ఆట విరమించింది.

ఇక మన సంగతి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలనుండి వచ్చే మన విద్యార్థినులు సాయంకాలపు బస్సు తప్పిపోతుందన్న భయంతో మైదానం వైపు చూడనైనా చూడరు. మైదానం తెరచుకొనేది సరిగా ఆ వేళకే. తల్లిదండ్రులు వద్దన్నందువల్ల ఆడటం లేదని మనం చెప్పుకొంటాము గాని, గంటలపట్టికను ఒకసారి చూసినవారికి అసలు కారణం తెలియకపోదు.

టెన్నిస్ కోర్టు మన తాహతుకు మించినదే. బాస్కెట్‌బాల్ అట్లు కాదు. ఇరువది ఎనిమిది మీటర్ల పొడవు, పదిహేను మీటర్ల వెడల్పు గల సిమెంటు నేల, పదడుగుల ఎత్తున రెండు ఇనుప వలయాలు, ఒక్క బంతి ఉంటే పదిమంది ఆడుకోవచ్చును. గోడచాటున కోర్టు వేస్తే తల్లిదండ్రుల సంకోచమూ కొంత తీరుతుంది. వారానికి రెండుసార్లు ఉదయం మొదటి పీరియడ్ బాలికలకు విడిచిపెట్టాలని, ఈ రెండు విషయాలనూ వచ్చే సమావేశపు చర్చనీయాంశాలలో చేర్చాలని కళాశాల కమిటీ పెద్దలను కోరుతున్నాను.