ఇసుక పీతకూ ఒక లెక్క పుస్తకం కావాలి

భిలాయి ఉక్కు కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గులో కొంత విశాఖ రేవులో దిగి రైలెక్కుతుంది. ఆ బొగ్గు పొగకూ, సముద్రపు ఒడ్డున ఇసుకలో దూరి బతికే ఎమెరిటా అనే చిన్న పీతజాతి జీవికీ సంబంధం ఉంది. ఆ సంబంధం పేరు ఉష్ణోగ్రత.

భూమధ్యరేఖకు దూరమయ్యేకొద్దీ ఎమెరిటా సంతానోత్పత్తి తీరు మారుతుంది. దక్షిణ అమెరికా జాతి ఒకదానిపై డెఫియో, కార్డోసో 2002లో ప్రచురించిన విశ్లేషణ దీన్ని చూపింది. బ్రెజిల్ వెచ్చని తీరాల్లో సంతానోత్పత్తి ఏడాది పొడవునా సాగుతుంది. చల్లని ఉరుగ్వే తీరంలో కొన్ని నెలలకే పరిమితం. అక్కడి ఆడజీవులు మరింత పెద్దవయ్యాకే గుడ్లు మోస్తాయి.

అయితే వేడెక్కే సముద్రంలోనూ ఇలాగే జరుగుతుందని తేల్చేయడం తొందరపాటు. ఇసుక రేణువుల పరిమాణం, తీరపు వాలు, ఆహారం కూడా ఫలితాన్ని మారుస్తాయి. వీటిని విడదీసి చూడాలంటే ఎన్నో తీరాల్లో ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో లెక్కించాలి. కన్యాకుమారి నుంచి పూరీ దాకా దాదాపు 12 డిగ్రీల అక్షాంశ భేదం మనకుంది. కావలసింది జల్లెడ, కొలబద్ద, ఓపిక. తీరప్రాంత కళాశాలలు ఈ పని చేయగలవు.

భిలాయిలో ప్రతి టన్ను ఉక్కుకూ లెక్క రాస్తారు. ఆ పొగ వేడెక్కించే సముద్రపు ఒడ్డుకూ అలాంటి లెక్క పుస్తకం ఉండాలి.