అప్పు కాదు... చిల్లర!

రాత్రి ఎనిమిదైతే చాలు. విజయనగరంలో ఏ వీధిలోకి వెళ్లినా ఒకటో రెండో ఇళ్లలోంచి ఈ కేక వినిపిస్తుంది: 'ఏడెనిమిదులు ఎంతరా?' జవాబు రాదు. రెండోసారికి గొంతు పెరుగుతుంది. మూడోసారికి స్కేలు బయటికొస్తుంది. పిల్లాడు కళ్లనీళ్లు తుడుచుకుంటూ 'యాభై నాలుగు' అంటాడు. పొద్దున బడిలో గడగడా చెప్పిందే, ఇప్పుడు నోటికి రాదు. 'నాకూ చిన్నప్పట్నుంచీ లెక్కలంటే భయమే. వీడికీ అదే వచ్చింది' అని అమ్మ పుస్తకం మూసేస్తుంది.

ఆ భయం రక్తంలోంచే రానక్కర్లేదు, హోంవర్కులోంచీ రావచ్చు. ఒకటి, రెండు తరగతులు చదివే 438 మంది పిల్లల మీద అమెరికాలో చేసిన పరిశీలన ఒకటి 2015లో వెలువడింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ పక్కన కూర్చుని హోంవర్కు చేయించిన ఇళ్లలో, ఏడాది చివరికి పిల్లలు లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, భయం ఎక్కువ నేర్చుకున్నారు. అంతే భయమున్నా హోంవర్కు జోలికి పెద్దగా పోని తల్లిదండ్రుల పిల్లల్లో ఆ నష్టం కనిపించలేదు. అలాగని పిల్లల్ని వాళ్ల మానాన వదిలెయ్యమని కాదు. నోటుపుస్తకంతో మొదలుపెట్టొద్దని!

గంటస్తంభం చుట్టూ ఉన్న బజారుకి ఓ సాయంత్రం వెళ్లి చూడండి. పూలమ్మే అమ్మ పక్కన పదేళ్ల పిల్ల కూర్చుని ఉంటుంది. మూర ఇరవై చొప్పున మూడు మూరలు తీసుకుని వంద నోటిస్తే, నలభై చేతిలో పెట్టడానికి ఆ పిల్లకి కాగితమూ పెన్సిలూ అక్కర్లేదు. 'అరవై... డెబ్భై, ఎనభై, తొంభై, వంద' అని పది నోట్లు లెక్కపెట్టి ఇచ్చేస్తుంది. అదే పిల్లని బోర్డు దగ్గర నిలబెట్టి, వందలోంచి అరవై తీసెయ్యమని నిలువుగా రాసిస్తే బిక్కమొహం వేసినా వేస్తుంది.

ఈ వింత విజయనగరానిదే కాదు. నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే 1,436 మంది పిల్లల్ని పరీక్షించి ఆ ఫలితాలు 2025లో 'నేచర్' పత్రికలో ప్రచురించారు. బేరాల దగ్గర లెక్క తప్పని పిల్లలు, ఆ లెక్కే బడిలో మాదిరిగా అడిగితే తడబడ్డారు. బడిలో బాగా చదివే పిల్లలేమో బజారు లెక్క దగ్గర బోల్తా పడ్డారు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1985లో, బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో ఇదే తేలింది. చిన్న పరిశీలనే, అయిదుగురు పిల్లలు. కానీ తేడా చూడండి: బండి దగ్గర నూటికి 98 ఒప్పులు, కాగితం మీద 37!

లెక్క రాక కాదన్నమాట. బజారు లెక్కకీ పుస్తకం లెక్కకీ మధ్య దారి లేక. ఆ దారి వెయ్యగలిగేది ఇల్లే.

ఉదాహరణకి తీసివేత చూద్దాం. 52లోంచి 27 తియ్యాలి. రెండులోంచి ఏడు పోదు కాబట్టి 'పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకో' అని నేర్పుతాం. పిల్లలు అమాయకంగా 'మళ్లీ ఎప్పుడు తీర్చాలి?' అని అడిగితే నవ్వేస్తాం. నవ్వాల్సిన ప్రశ్న కాదది. అక్కడ అప్పూ లేదు, తీర్చడమూ లేదు. ఉన్నది చిల్లర మార్చడం! అయిదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు చేతికివ్వండి. ఇరవై ఏడు అడగండి. ఏడు బిళ్లలు లేవు కదా, ఒక పది నోటు మార్చి పది బిళ్లలు తీసుకోమనండి. ఇప్పుడు నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు. రెండు నోట్లు, ఏడు బిళ్లలు ఇచ్చెయ్యగా మిగిలినవి రెండు నోట్లు, అయిదు బిళ్లలు. ఇరవై అయిదు. ఇంతవరకూ అయ్యాక, చేసిందంతా అదే వరసలో కాగితం మీద రాయించండి. అయిదు కొట్టేసి నాలుగు వెయ్యడం, రెండు పక్కన ఒకటి చేర్చి పన్నెండు చెయ్యడం ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. రాయించడం మాత్రం మానొద్దు. బిళ్లల దగ్గరే ఆగిపోతే బజారు పిల్లల కథే పునరావృతమవుతుంది.

ఇది చిన్న విషయమేమీ కాదు. 2024 'అసర్' సర్వే ప్రకారం మన దేశపు పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో ఇలాంటి రెండంకెల తీసివేత చెయ్యగలిగినవాళ్లు 33.7 శాతమే. అక్కడ తడబడిన పిల్లకి నాలుగు, అయిదు తరగతుల్లో భాగహారం కొండలా కనపడక ఏమవుతుంది?

అయితే ఓ ఇబ్బంది. ఇప్పుడు చిల్లరే కనపడటం లేదు. కూరలబండి దగ్గర కూడా ఫోన్ చూపిస్తే డబ్బు పడినట్టు డబ్బా కేకేస్తుంది, నాన్న ముందుకెళ్లిపోతాడు. వెంట ఉన్న పిల్లకి ఎంత ఇచ్చారో, ఎంత తిరిగొచ్చిందో కనపడే అవకాశమే లేదు. వారానికి ఒక్కరోజైనా నోట్లు పట్టుకుని రైతుబజారుకి వెళితే మంచిది. 1999లో రైతుబజార్లు మొదలైనప్పట్నుంచీ అక్కడ ధరల బోర్డు ఒకటి ఉంటోంది. ఆ బోర్డు కన్నా మంచి లెక్కల పుస్తకం ఈ ఊళ్లో ఏముంది? వంకాయలు కిలో ధర పిల్లల చేత చదివించి, అరకిలో ఎంతో, ముప్పావు ఎంతో అడగొచ్చు. చిల్లర వాళ్ల చేతే తీసుకోనివ్వండి. వెనకాల క్యూ ఉంటే మాత్రం వద్దు, అది వేరే పరీక్ష!

'మేం చదువుకోలేదు, మేమేం చెప్పగలం?' అనే అమ్మలు ఈ జిల్లాలో తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి విజయనగరం జిల్లా మహిళల్లో అక్షరాస్యులు సగం మందే. కానీ చదువురాని ఆ అమ్మే చీటీపాట లెక్క, పాల లెక్క నోటితో వేసేస్తుంది. 'ఎలా వేశావమ్మా?' అని పిల్లలు అడిగితే, మనసులో వేసుకున్నదాన్ని పైకి చెబితే చాలు. పిల్లలు దాన్ని కాగితం మీద పెడతారు. ఇద్దరూ కలిసి దారి వేసినట్టే.

మామ్మ ఉన్న ఇల్లయితే ఇంకా మంచిది. గిద్దలు నాలుగైతే సోల, సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక, మానికలు రెండైతే అడ్డ, అడ్డలు రెండైతే కుంచం. ఇదంతా ఆవిడకి నోటికొచ్చు. ఎనిమిదో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే చాలామంది పిల్లలు ఎనిమిదే పెద్దదంటారు. నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా మరి! కుంచంలో నాలుగో వంతు మానిక, ఎనిమిదో వంతు తవ్వ. అటక మీది పాత కొలపాత్రలు దింపి బియ్యం పోయిస్తే ఏది పెద్దదో కళ్ల ముందే ఉంటుంది. పాత్రలు లేకపోతే ఒకే రకం గ్లాసులైనా సరే. మూరదీ అంతే. గుమ్మం పొడవు అమ్మ మూరతో ఎంత, పిల్ల మూరతో ఎంత? లెక్కలు ఎందుకు కలవలేదో పిల్లలే తేల్చుకుంటారు. సెంటీమీటరు అవసరం ఎందుకొచ్చిందో అప్పుడు తెలుస్తుంది.

ఎక్కాల సంగతేమిటంటారా? బట్టీ అవసరమే, కాకపోతే మరిచిపోతే పట్టుకోవడానికి ఓ ఆధారం ఉండాలి. ఏడెనిమిదులు గుర్తు రాకపోతే అయిదెనిమిదులు నలభై, రెండెనిమిదులు పదహారు, కలిపితే యాభై ఆరు. చింతపిక్కలు ఎనిమిదేసి చొప్పున ఏడు వరసలు పేర్చి, మధ్యలో ఓ పుల్ల అడ్డం పెడితే అయిదు వరసలూ, రెండు వరసలూ విడివిడిగా కనిపిస్తాయి.

ఇంకా బడికి వెళ్లని పిల్లలకి? ఆటలే. వామనగుంటలకి రెండు వరసల్లో ఏడేసి గుంటలు. ఒక్కో పిక్కే జారవిడుస్తూ వెళితే ఒక గుంటకి ఒక లెక్క అన్నది వేళ్లకే తెలుస్తుంది. ఒకటి నుంచి పది దాకా అంకెలున్న గళ్ల మీద పావు కదిపే ఆట ఆడించి పరిశోధకులు సీగ్లర్, రమణి 2008లో ఒక ఫలితం చూపించారు. పదిహేను నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడేసరికి, పేద కుటుంబాల చిన్నపిల్లలకి ఏ అంకె ఎంత పెద్దదో అంచనా కట్టడం మెరుగైంది. అంకెలు లేని రంగుల గళ్ల మీద ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. అయిదో గడిలో ఉండగా రెండు పడితే 'ఒకటి, రెండు' అనకూడదు, 'ఆరు, ఏడు' అనాలి. కిటుకంతా అక్కడే ఉంది. వైకుంఠపాళి పటం మీద వరస వరసకీ దిక్కు మారిపోతుంది కాబట్టి నాలుగేళ్ల పిల్లలకి అది తికమకే. పొద్దున వాకిట్లో ముగ్గు వేసేటప్పుడే పక్కన ఓ పది గళ్లు అడ్డంగా గీసేస్తే సరి. అంకెలు ఎడమ నుంచి కుడికి వెయ్యాలి. పావులకి చింతపిక్కలున్నాయి.