ఒక బీరు సీసాకి ఎన్ని గంటల కూలి?

పోయిన భాగంలో మా వినుకొండ జాషువా గురించి రాశాను. ఈ భాగంలో బీరు గురించి రాస్తున్నాను. ముందు నవ్వుకోండి, తర్వాత చదవండి.

అమెరికాలో ఒక విద్యా సంవత్సరం తెలుగు పాఠాలు చెప్పి నరసరావుపేట తిరిగొచ్చిన మొదటి వారం. స్టాఫ్ రూమ్‌లో ఒక మాస్టారు అడిగారు: "డాక్టరు గారూ, అక్కడి బీరు బాగుంటదా, మన కింగ్‌ఫిషరా? మీరైతే కరెక్టుగా చెప్తారు." ఆ పక్కనే కెనడాలో ఆర్నెల్లు ఉండొచ్చిన ఇంకో మాస్టారు కూర్చునే ఉన్నారు. ఆయన్ని మనవడి ఫొటోలు అడిగారు. నన్ను బీరు అడిగారు.

"మీరైతే" అన్న ఆ ఒక్క మాట నాకు అర్థమైంది. "నేను తాగనండీ" అన్నాను. అది అబద్ధం. నెలకో రెండు నెలలకో ఒక బీరు తాగుతాను. కులం పేరుతో తాగుబోతు ముద్ర పడకూడదని అబద్ధమాడాను. పీహెచ్‌డీ చేసినవాడు కూడా మాలపల్లె నుంచి వచ్చాడు కాబట్టి ఒక గ్లాసు బీరుకి సంజాయిషీ చెప్పుకోవాలి. మిగతావాళ్ళు తాగితే అది సరదా. మనం తాగితే అది మన స్వభావం. ఆ రోజు చెప్పని జవాబు ఇవాళ చెప్తున్నాను.

ముందు రుచి సంగతి. నేనున్నది విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ ఊరు. జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు బీరు బట్టీలు పెట్టిన ప్రాంతం అది. మిల్లర్, పాబ్‌స్ట్ లాంటి పేర్లు ఆ రాష్ట్రంలోని మిల్వాకీ నుంచి వచ్చినవే. అక్కడ నాకు నచ్చింది న్యూ గ్లేరస్ అనే చిన్న ఊళ్ళో చేసే స్పాటెడ్ కౌ. వడకట్టని బీరు, గ్లాసులో కాస్త మబ్బుగా ఉంటుంది, నాలిక మీద పండు వాసన తగులుతుంది. దాన్ని ఆ రాష్ట్రం దాటించి అమ్మరు. పక్కనున్న చికాగో వాళ్ళు దానికోసం సరిహద్దు దాటి వస్తారని విన్నప్పుడు నాకు పొందుగుల వంతెన గుర్తొచ్చింది. 2019 తర్వాత మన దగ్గర ప్రభుత్వ దుకాణాల్లో తెలిసిన బ్రాండ్లు దొరక్క, దాచేపల్లి, మాచర్ల కుర్రాళ్ళు కృష్ణ దాటి నల్గొండ జిల్లాలోకి వెళ్ళేవాళ్ళు. మూడు సీసాల దాకా తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు చెప్పింది. తర్వాతి నెలలోనే ప్రభుత్వం ఆ వెసులుబాటు తీసేసింది. మా పల్నాడోళ్ళకి ఫారిన్ బీరంటే వంతెన అవతలి బీరే.

ఐపీఏ అనే రకం కూడా తాగాను. హాప్స్ అనే పువ్వు దండిగా వేస్తారు. వేపపుల్ల నమిలినట్టుంది. పైగా డబ్బులిచ్చి నమలాలి.

మన కింగ్‌ఫిషర్ సంగతి వేరు. బార్లీతో పాటు బియ్యం కూడా కలిపి చేసే తేలిక బీరు. మంచులా చల్లగా ఉంటేనే బాగుంటుంది. మే నెల నరసరావుపేట ఎండలో మొదటి రెండు గుక్కలు స్పాటెడ్ కౌ కంటే అదే మేలు. మూడో గుక్కకి మాడిసన్ బీరే గెలుస్తుంది. ఇందులో స్వదేశీ గర్వానికి పెద్దగా చోటు లేదు. కింగ్‌ఫిషర్ చేసే కంపెనీలో 2021 నుంచి ఎక్కువ వాటా హాలండ్ వాళ్ళ హైనెకెన్‌ది. రుచి గురించి ఇంతే.

అసలు మాట్లాడాల్సింది ఖరీదు గురించి.

డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే అక్కడి బీరు ఖరీదు అనిపిస్తుంది. అది సరైన లెక్క కాదు. ఎంతసేపు పనిచేస్తే ఆ సీసా వస్తుందో చూడాలి. విస్కాన్సిన్‌లో కనీస వేతనం గంటకి 7.25 డాలర్లు. నేను కొన్నప్పుడు ఆరు సీసాల ప్యాక్ పది డాలర్ల అటూ ఇటూగా ఉండేది. అక్కడి సీసా 355 మిల్లీలీటర్లు. మన 650 మిల్లీలీటర్ల సీసా అంత బీరు కావాలంటే మూడు డాలర్లు. అంటే అక్కడ అట్టడుగు జీతానికి అంట్లు తోమేవాడు కూడా 25 నిమిషాల్లో సంపాదిస్తాడు.

ఇక్కడ బీరు సీసా రెండొందలు అనుకుందాం. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఎనిమిది గంటల పనిదినం లెక్కన ఒక బీరు కోసం ఐదు గంటలకు పైగా మట్టి తవ్వాలి. అక్కడ 25 నిమిషాలు, ఇక్కడ ఐదు గంటలు. ఒకే సరుకు, ఒకే మోతాదు.

ఇక్కడితో ఆగితే ఇది బీరు ప్రియుల గోల అవుతుంది. ముందుకి పోదాం. 2024 అక్టోబరు 16న కొత్త మద్యం విధానం వచ్చింది, ప్రైవేటు షాపులు తెరిచారు, 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాలు మామూలుగా 42.8 శాతం, అంటే దాదాపు 77 మిల్లీలీటర్లు. 5 శాతం బీరు పెద్ద సీసాలో ఉండేది 32. స్ట్రాంగ్ బీరు 8 శాతం అనుకున్నా 52. మత్తు మిల్లీలీటరుకి క్వార్టర్లో రూపాయీ ముప్పై పైసలు, స్ట్రాంగ్ బీరులో దాదాపు నాలుగు రూపాయలు, మామూలు బీరులో ఆరు. ఘాటు సరుకు కారుచౌక, తేలిక సరుకు మూడింతల నుంచి అయిదింతల దాకా ప్రియం. అమెరికా ఫెడరల్ పన్ను దీనికి తిరగేసి ఉంటుంది. ఆల్కహాలు లెక్కన చూస్తే అక్కడ బీరు మీద తక్కువ, విస్కీ మీద రెండింతల కంటే ఎక్కువ.

ఈ లెక్క నాకు మా బాబాయి నేర్పాడు. మిరప తోటల్లో మందు కొట్టి, టిక్కీలు మోసి నడుం పోగొట్టుకున్న మనిషి. నేను తిరిగొచ్చాక ఒక చల్లటి బీరు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. సగం తాగి పక్కన పెట్టేశాడు.

"ఏంది రా అబ్బాయ్ ఇది, పలచటి మజ్జిగలాగుంది. రెండొందలు పెట్టి కొనేది ఉచ్చ పోసుకోటానికా? ఆ డబ్బులకి రెండు క్వార్టర్లొస్తయ్. నడుం నొప్పి తెలవకుండా నిద్ర పడతది."

ఆయనకి రుచి తెలియక కాదు. తీరిగ్గా గంటసేపు కూర్చుని తాగే డబ్బూ లేదు, సమయమూ లేదు, కుర్చీ కూడా లేదు. బెల్టు షాపు దగ్గర నిలబడి నీళ్ళ ప్యాకెట్ కలుపుకొని రెండు గుక్కల్లో మింగి ఇంటికి పోవాలి. గుంటూరులో డాక్టరు లివర్ పాడవుతోందని చెప్పి ఏడాదైంది. పిన్ని ఆయన చొక్కా జేబులు వెతుకుతూనే ఉంది. రేపు ఆయనకేదన్నా అయితే "వాళ్ళు తాగి తాగి పోతారండీ" అని ఊరు అంటుంది. ఏ సీసాకి ఏ ధర పెట్టాలో నిర్ణయించినవాళ్ళ ప్రస్తావన ఎవరూ తేరు.

బీరు అమృతమని నేననడం లేదు. అది కూడా సారాయే, నీళ్ళు ఎక్కువ, అంతే. కానీ పేదవాడి చేతిలో ఉన్న వంద నోటుని ఏ సీసా వైపు నడిపించాలో సర్కారు ధరలతోనే తేల్చేస్తోంది. దానికి మనవాళ్ళ అలవాటు అని పేరు పెట్టొద్దు.

ఖరీదులో ఇంకో భాగం ఉంది. ఎవరి పక్కన కూర్చుని తాగుతాం అన్నది.

మాడిసన్‌లో చెరువు ఒడ్డున యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్ ఉంది. 1933 నుంచి అక్కడ బీరు అమ్ముతున్నారు. ప్రొఫెసర్, ప్లంబర్, విద్యార్థి ఒకే వరసలో నిలబడి గ్లాసు తీసుకుంటారు. నల్లజాతి మిత్రుడొకడు నవ్వి, "ఇది అందరికీ ఇంతే హాయిగా ఉంటుందనుకోకు" అన్నాడు. నిజమే. కానీ ఆ వరసలో నన్నెవరూ ఇంటిపేరు అడగలేదు.

అడిగింది మనవాళ్ళే. సంక్రాంతికి ఒక తెలుగువారింటికి పిలిస్తే వెళ్ళాను. ఇంటాయన ప్రేమగా బీరు చేతికిచ్చి, "పల్నాడా! ఏ ఊరండీ?" అన్నారు. చెప్పాను. "ఆహా, మాకు చుట్టాలున్నారు. ఊళ్ళో ఎటువైపండీ మీరు?" అన్నారు. "చర్చి వైపండీ" అన్నాను. ఆయన మర్యాద ఏమీ తగ్గించలేదు. "మంచిది, మంచిది" అని ఇంకొకరి వైపు తిరిగారు. మళ్ళీ నా వైపు రాలేదు. చేతిలో ఉన్నది అదే స్పాటెడ్ కౌ. తర్వాతి గుక్క దిగలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధిస్తే "అమెరికాలో కులమెక్కడుంది" అని అడిగినవాళ్ళున్నారు. ఆ ప్రశ్నలో ఉంది: ఎటువైపండీ?

ఇక్కడ సాగర్ కాలువ కట్ట మీద అన్ని కులాల కుర్రాళ్ళూ కలిసి తాగుతారు, కులం పోయింది సార్ అని నా విద్యార్థులు అంటారు. తమ్ముడూ, ఆ ప్లాస్టిక్ గ్లాసు చూడు. తాగి పారేసేది. ఎవరు తాగిన గ్లాసు ఎవరు కడగాలన్న ప్రశ్నే రాదు. అదే స్నేహితుడి ఇంట్లో స్టీలు గ్లాసుతో మంచినీళ్ళు అడిగి చూడు. బ్రహ్మనాయుడి చాపకూడు పుట్టిన నేలని మురిసిపోతాం కానీ, ఆ చాప ఇంకా ఇంటి గడప దాటి లోపలికి పోలేదు.

"బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగననే మాట ఉంది కదన్నా" అని కొందరు తమ్ముళ్ళు అంటారు. ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో ఆయన ఆ మాట చెప్పించారు. ఆయనే 1951లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళికలో మద్యనిషేధాన్ని గట్టిగా వ్యతిరేకించారు. నాకిందులో వైరుధ్యం కనిపించదు. తాగనని మనకి మనం చెప్పుకునే మాట ఆత్మగౌరవం. తాగొద్దని రాజ్యం లాఠీ పట్టుకుంటే ఆ లాఠీ ముందు మన పల్లెకే వస్తుంది. నేను తాగే ఒక్క బీరు ఆ ప్రతిజ్ఞ ముందు తప్పే, ఒప్పుకుంటాను. ఆ తప్పు నాది. నా కులానిది కాదు.

దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. 2019లో దశలవారీ నిషేధం అన్నారు, 2020 మేలో ధరలు 75 శాతం పెంచారు. 2024లో 99 అన్నారు. ప్రతిసారీ సీసా మారింది. పిన్ని వెతికే జేబు మారలేదు.

కాబట్టి నేను అడిగేవి మూడు. పన్ను సీసాని బట్టి కాకుండా అందులోని ఆల్కహాలుని బట్టి వేయండి, చౌక ఘాటు సరుకుని పేదల పథకంలా ప్రచారం చేయకండి. పల్లెలో బెల్టు షాపు మూయించండి. ప్రతి మండల ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వైద్యం ఉచితంగా పెట్టండి. మా బాబాయికి ఉపన్యాసం వద్దు, నడుం నొప్పికి మందు కావాలి.

సోమవారం స్టాఫ్ రూమ్‌లో ఆ మాస్టారికి జవాబు చెప్తాను. "మాస్టారూ, ఎండలో కింగ్‌ఫిషర్, సాయంత్రం స్పాటెడ్ కౌ. నేను తాగుతాను, అప్పుడప్పుడు. మీరు?"

జై భీమ్.