ఎముక అతికితే చాలదు, బలం కూడా రావాలి



పెద్దవాళ్ళకు వీపు వంగితే "ముసలితనం కదా" అంటాం. వాకిట్లో జారి మణికట్టు విరిగితే "పడింది కాబట్టి విరిగింది" అంటాం. కట్టు కట్టించి, అతికాక ఆ సంగతి మరిచిపోతాం. ఈ అలవాటు మారాలని నా అభిప్రాయం.

నిలబడ్డ చోట పడినంత మాత్రాన గట్టి ఎముక విరగదు. 50 ఏళ్ళు దాటినవారికి అలా విరిగితే లోపల ఎముక ముందే గుల్లబారిందని అనుమానించాలి. దీనినే బోలు ఎముకల వ్యాధి, ఆస్టియోపోరోసిస్ అంటారు. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. కట్టు విరిగిన చోటును అతికిస్తుంది గానీ మిగతా ఎముకలను కాపాడదు. ఒకసారి ఇలా విరిగినవారికి మళ్ళీ విరిగే ప్రమాదం ఎక్కువ. ఈసారి విరిగేది తుంటి ఎముక కావచ్చు.

తుంటి విరిగితే ఎంత కష్టమో గూడెం కొత్తవీధి కొండ ఊళ్ళవాళ్ళకు చెప్పనక్కరలేదు. రోడ్డు లేని ఊరి నుంచి డోలీ మీద దింపాలి. అక్కడి నుంచి నర్సీపట్నమో, విశాఖపట్నమో వెళ్ళాలి. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు" అని మంచం మీదే ఉంచితే ఒంటికి పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులకు నిమ్ము చేస్తుంది. ప్రాణమే పోవచ్చు. అందుకే మొదటి విరుగుడునే హెచ్చరికగా తీసుకోవాలి.

ఇంట్లో ఈ గుర్తులు గమనించండి:

1. ఎత్తు తగ్గడం, వీపు గూనిగా వంగడం.
2. కట్టెల మోపు, నీళ్ళ బిందె ఎత్తగానే వెన్నులో ఒక్కసారిగా నొప్పి రావడం.
3. చిన్నగా పడినా మణికట్టు, భుజం, తుంటి విరగడం.
4. తొడల్లో, నడుములో ఎముకలు నొక్కితే నొప్పి, పీట మీద నుంచి లేవలేకపోవడం, ఊగుతూ నడవడం.

నాలుగో గుర్తు వేరే జబ్బుది కావచ్చు. విటమిన్ డి, కాల్షియం లోటు వల్ల ఎముకలు మెత్తబడే ఆ జబ్బును ఆస్టియోమలేషియా అంటారు. విటమిన్ డి, కాల్షియం సరిగా అందితే ఇది చాలామందిలో బాగా నయమవుతుంది. దీన్ని "కీళ్ళవాతం" అనుకుని నొప్పి బిళ్ళలతో ఏళ్ళు గడపడం అన్యాయం.

"రోజంతా ఎండలో పనిచేసే మాకు విటమిన్ డి లోటేమిటి?" అని అడుగుతారు. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన పరిశీలనలో, ఎండలో పొలం పనిచేసే పల్లెవాళ్ళలో కూడా చాలామందికి అది చాలినంత లేదని తేలింది. వాళ్ళు తినే తిండిలో కాల్షియం కూడా బాగా తక్కువే.

ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల బియ్యంలో ఉండేది 10 మిల్లీగ్రాముల లోపే. అదే 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 350 ఉంటుంది. రేషన్ బియ్యం వచ్చాక చోడి అంబలిని చిన్నచూపు చూడటం మనకే నష్టం. అంబలి పులియబెడితే ఆ కాల్షియం ఒంటికి ఇంకా బాగా పడుతుంది. మునగాకు, ముల్లుతో తినే చిన్న ఎండు చేపలు, దొరికితే పాలు కూడా మంచివే. చుట్ట, అడ్డపొగ, సారా ఎముకలకు చేటు. నొప్పులకని సంతలో ఇచ్చే బిళ్ళల్లో, సూదుల్లో స్టీరాయిడ్ ఉంటే అది ఎముకను ఇంకా గుల్ల చేస్తుంది.

అయితే ఎముక ఒకసారి గుల్లబారాక తిండి ఒక్కటే సరిపోదు, మందు కావాలి. ముందు రక్తపరీక్షలు చేసి, విటమిన్ డి లోటు సరిచేసి, మూత్రపిండాలు చూసి డాక్టరుగారు మందు నిర్ణయిస్తారు. వారానికొక బిళ్ళ అలెండ్రోనేట్ ఇస్తే, పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి అరగంట పడుకోకూడదు. ఆ అరగంట ఏమీ తినకూడదు, కాల్షియం బిళ్ళ తర్వాతే వేసుకోవాలి. ఏడాదికొక ఇంజెక్షన్ మందు కూడా ఉంది. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ పెద్ద ఊళ్ళలోనే ఉంటుంది. చిన్నగా పడి తుంటి గానీ వెన్నుపూస గానీ విరిగినవారికి స్కాన్ కోసం ఆగకుండానే మందు మొదలుపెట్టవచ్చు.

నొప్పి తగ్గిందని మందు మానేయకండి. ఎముక గుల్లబారేటప్పుడు నొప్పి ఉండదు, విరిగాకే తెలుస్తుంది.

ఇంట్లో రాత్రి దీపం, చేతికర్ర, నాచు లేని గడప కూడా వైద్యమే. బరువులు మోయడం వయసు మళ్ళినవారికి మాన్పించండి. కానీ మంచానికి అంటగట్టకండి, రోజూ నడిపించండి.

కొడుకులకు, కోడళ్ళకు, కూతుళ్ళకు నా మనవి ఒక్కటే. మీ అమ్మకో అత్తకో కట్టు విప్పించడానికి వచ్చిన రోజున పాత ఎక్స్‌రే వెంట తెచ్చి, డాక్టరుగారిని ఈ ప్రశ్న అడగండి: "ఎముక అతికింది సరే, ఇక విరగకుండా మందు అవసరమా?"