పిలుచువారు కానరాని పంక్తులు

ప్రోగ్రాములలోని తప్పులను వెదకిపట్టు సాధనమును డీబగ్గర్ అందురు. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రచించిన జీడీబీ అట్టిదే. ఇన్నేండ్లు పెరిగిన దానిలో ఎవరును వాడనట్లు కనిపించు భాగములు పేరుకొనుట సహజము. వానిని తొలగింపవలెననియే మా అభిప్రాయము. అక్కరలేని పంక్తిని సయితము మార్పు వచ్చిన ప్రతిసారి ఎవరో ఒకరు చదివి సరిదిద్దవలసియున్నది; ఆ శ్రమకు తరచు జీతము కూడ ఉండదు.

అయితే "దీనిని పిలుచువారు ప్రోగ్రాములో లేరు" అను ఒక్క సాక్ష్యము చాలదు. సి భాషను యంత్రభాషలోనికి మార్చు జీసీసీ కంపైలరులో డీబగ్_ట్రీ అను ఫంక్షను కలదు. జీడీబీ ముందు కూర్చున్న మనిషి చిక్కుపడిన వేళ దానిని చేతితో టైపు చేసి పిలుచును. ఆ పిలుపు మూలపాఠములో ఎక్కడను కనిపింపదు! కనుకనే వృథాయని కొట్టివేయబడకుండ అట్టి ఫంక్షనులకు ప్రత్యేకమైన గుర్తు తగిలించిరి.

జావా సంగతి వేరు. జీసీజే అను జావా కంపైలరును జీసీసీ 7 నుండి తీసివేసిరి. 2017లో వెలువడిన జీడీబీ 8.0 కూడ దాని కొరకైన భాగమును విడిచిపెట్టెను. ఆధారమే పోయినది గనుక అది న్యాయము.

మన విద్యార్థులును ముందు అడిగి, ఒక విడుదల వరకు హెచ్చరిక ఉంచి, పిదపనే కత్తిరింపవలెనని కోరుచున్నాము. పాతప్రతి గిట్‌లో నిలిచియుండుననుట నిజమే. కాని అర్ధరాత్రి తప్పు వెదకుచున్న వానికి అది అక్కడ ఉన్నదని ఎవరు చెప్పుదురు?