ఆశ సరే, తొందర వద్దు

పిల్లల మృదు కణజాల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది రాబ్డోమయోసార్కోమా. కండరంగా ఎదగాల్సిన కణం మధ్యలోనే ఆగి, అదుపు తప్పి పెరగడమే ఈ జబ్బు. జన్యువుల పనిని నియంత్రించే మైక్రోఆర్‌ఎన్‌ఏ-206 ఆ కణాల్లో తగ్గిపోతుంది. దాన్ని తిరిగి అందిస్తే కణితి పెరుగుదలకు కళ్లెం పడుతుందని ఎలుకలపై ప్రయోగాలు 2009లోనే చూపాయి. మైక్రోఆర్‌ఎన్‌ఏను కనుగొన్న ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ దక్కింది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. పెద్దలపై జరిపిన, మైక్రోఆర్‌ఎన్‌ఏ ఆధారిత క్యాన్సర్ మందు ఎంఆర్‌ఎక్స్34 పరీక్ష, రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా వికటించడంతో 2016లో ఆగిపోయింది. మందును కణితికే చేర్చడం అసలు చిక్కు. రోగులు తక్కువున్న జబ్బుకు కంపెనీలు ముందుకు రావడం అరుదు. పరిశోధన భారం ప్రభుత్వాలే మోయాలి. కొత్త మందు వచ్చేవరకు కీమోథెరపీ, శస్త్రచికిత్స, రేడియేషన్ ఏ బిడ్డకూ డబ్బు లేక మధ్యలో ఆగకూడదు.