గ్రాఫు ఏ భాషలో మాట్లాడవలెను?

గ్రాఫు అలంకారము కాదు. ప్రయోగము ఇచ్చు వాఙ్మూలము. ఆ వాఙ్మూలమునకు అర్థము నిచ్చునవి అక్షముల మీది పేర్లు. రేఖను శ్రద్ధగా గీసి, పేర్ల యెడ అశ్రద్ధ వహించుట మన విద్యార్థులలో పరిపాటియైనది. ఇది చిన్న లోపము కాదని మా అభిప్రాయము.

ఒక ఉదాహరణము చూతము. సౌర ఫలకములకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణము ఐ.ఇ.సి. 61215లో ఉష్ణ ఆవర్తన పరీక్ష కలదు. ఫలకమును మైనస్ 40 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చి, 85 డిగ్రీల వరకు వేడిచేసి, మరల మొదటి స్థితికి తెచ్చుట ఒక ఆవర్తము. ఇట్టివి 200 జరుపుదురు. గాజు, లోహము, ప్లాస్టిక్ వేర్వేరుగా వ్యాకోచించును గనుక అతుకులు ఈ ఒత్తిడికి నిలుచునా అన్నదే ప్రశ్న. ఆవర్తమునకు ఆరు గంటల చొప్పున మొత్తము 1,200 గంటలు, అనగా 50 రోజులు.

ఈ కొలతలను కంప్యూటరుకు అప్పగించినచో అడ్డ అక్షము మీద 0, 200, 400 అని గంటలు వేయును. లెక్క సరియైనదే. కాని చదువరికి కావలసినది 744వ గంట కాదు, 124వ ఆవర్తము ముగిసినదన్న సంగతి. కనుక 300 గంటల గీత వద్ద '50', 600 వద్ద '100' అని వ్రాసి, క్రింద 'ముగిసిన ఆవర్తముల సంఖ్య' అని పేరు పెట్టవలెను. నిలువు అక్షమునకు 'ఉష్ణోగ్రత, డిగ్రీల సెల్సియస్' అని ప్రమాణముతో సహా వ్రాయవలెను.

అయితే పేరు మార్చవచ్చును గాని స్థానము మార్చరాదు. కొన్ని చార్టులలో అక్షమునకు పదములు ఇచ్చినంతనే కంప్యూటరు బిందువులను సమాన దూరములలో పేర్చును. వేడి మారునపుడు నిమిషమునకొకటి, నిలకడగా ఉన్నపుడు పది నిమిషములకొకటి చొప్పున కొలతలు తీసినచో, నిలకడ కాలము కుంచించుకొనిపోయి రేఖ అబద్ధమాడును.

ఇక భాష మాట. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము విజ్ఞానశాస్త్రములను ఉర్దూలో బోధించినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగులో వెలువరించినది. ఇట్టి వారసత్వము గల మనకు అక్షమునకు మాతృభాషలో పేరు పెట్టుటకు సంకోచమేల? ఉర్దూ లిపి కుడి నుండి ఎడమకు సాగినను దాని అంకెలు ఎడమ నుండి కుడికే సాగును, అక్షమును త్రిప్పనక్కరలేదు.

ఉద్యోగమునకు ఆంగ్లమే కావలెను గదా అని కొందరందురు. నిజమే, ఆంగ్ల పదమును ప్రక్కనే వ్రాయవచ్చును. కాని అర్థమెరుగక ఎత్తివ్రాసిన ఆంగ్ల పదము కంటె, తెలిసి వ్రాసిన స్వభాషా పదమే శాస్త్రమునకు దగ్గర.

ప్రయోగశాల రికార్డులలో తెలుగు, ఉర్దూ పేర్లను ఆంగ్లముతో పాటు అనుమతింపవలెనని కళాశాల కమిటీని కోరుచున్నాము. ప్రమాణము వ్రాయని గ్రాఫునకు పూర్తి మార్కులు ఇవ్వరాదనియు కోరుచున్నాము. మొదటిది విద్యార్థికి హక్కు. రెండవది అతని బాధ్యత.